ఫిడేలు నాయుడుగారు: చూపు కొరవడిన కుర్రవాడు కళాశాల పెద్దయిన వైనం

మాదాపూర్‌లో 1992లో శిల్పారామం ఏర్పడిన నాటికి ఆ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేవి రాళ్ల గుట్టలే. 1998లో సైబర్ టవర్స్ లేచింది. ఆపైన గచ్చిబౌలి, కొండాపూర్, రాయదుర్గం వైపు అద్దాల భవనాలు వరుసగా లేచాయి. 2019లో మెట్రో రైలు కూడా రాయదుర్గం దాకా వచ్చింది. టోలీచౌకీ, షేక్‌పేట, గోల్కొండ ప్రాంతాల నుంచి మన కుటుంబాల పిల్లలు ఎందరో అక్కడ ఉద్యోగాల్లో చేరారు. కొందరు అక్కడే ఫ్లాట్లు కొనుక్కుని స్థిరపడ్డారు. అల్లాహ్ వారికి బర్కత్ ప్రసాదించుగాక.

అయితే ఆ ఫ్లాట్లలో కొన్నిచోట్ల ఒక గది తలుపు ఎప్పుడూ దగ్గరగా వేసి ఉంటుంది. చుట్టాలు వస్తే ఆ గదిలో ఉన్న మనిషి ఇవతలికి రారు. ఆయనకు చూపు ఉండకపోవచ్చు, వినికిడి ఉండకపోవచ్చు, కాళ్లు పనిచేయకపోవచ్చు. వయసు ముప్పై కావచ్చు, నలభై కావచ్చు. చిన్నప్పుడు ప్రత్యేక పాఠశాలకు పంపారు, డాక్టర్లకు చూపించారు, దుఆలు చేయించారు. పద్దెనిమిదేళ్లు దాటాక అన్నీ ఆగిపోయాయి. ఇంట్లో ఆడపిల్లకు రిష్తా వస్తుందన్న రోజున ఆ గది తలుపు మరింత గట్టిగా మూసుకుంటుంది. ఇది ఏ ఒక్క ఇంటి సంగతీ కాదు. పెళ్లిళ్ల మాటలు నడిపించే పెద్దలందరికీ తెలిసిన సంగతే.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. ఇప్పుడు దివ్యాంగులు అంటున్నారు. పేరు మారినంత త్వరగా ఆ గది తలుపు తెరుచుకోలేదు. వీరిలో పెద్దవారి ముందు రెండే దారులు పెడుతున్నాం: ఉద్యోగం దొరికితే ఉద్యోగం, లేకపోతే ఇంట్లో ఓ మూల. మూడో దారి ఒకటుంది. నలుగురి మధ్య నిలబడి, తనకు వచ్చిన కళను వినిపించి, ఆ కళ ద్వారానే ఊరికి పనికొచ్చే మనిషిగా బతికే దారి అది. ఆ దారిలో నడిచిన ఒక తెలుగువాని జీవితం ఈ వారం చెప్పుకుందాం. ఆయన ద్వారం వెంకటస్వామినాయుడు. తెలుగునాట ఫిడేలు నాయుడుగారంటే ఆయనే.

శుక్రవారం పేజీలో ఫిడేలు కబుర్లేమిటని కొందరు పెద్దలు అడగవచ్చు. వాద్య సంగీతం విషయంలో మన ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. ఆ చర్చలోకి మేము వెళ్లడం లేదు. చూపు సరిగా లేని ఒక కుర్రవాణ్ణి ఇంటివారు ఎలా చూశారు, ఒక సంస్థానం ఎలా ఆదరించింది, ఆయన తిరిగి సమాజానికి ఏమిచ్చాడు అన్నంత వరకే మా దృష్టి.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేసిన వ్యక్తి. పదవీ విరమణ తరువాత కుటుంబం విశాఖపట్నం చేరింది. పిల్లవాడు పెరిగిందీ, పేరు తెచ్చుకున్నదీ ఆ తీరంలోనే. చిన్ననాడే చూపు మందగించింది. బడిలో చదువు ముందుకు సాగలేదు. పలక మీద, నల్లబల్ల మీద రాసి నేర్పే చదువులో అక్షరం కనిపించని పిల్లవాడు వెనకబడిపోతాడు. అతనికి బుర్ర ఉన్నదా లేదా అన్నది ఎవరూ చూడరు. ఈ రోజుకీ మన బడుల్లో జరుగుతున్నది ఇదే.

ఆ ఇంట్లో ఒక అన్నగారున్నారు. పేరు వెంకటకృష్ణయ్య. రైల్వేలో ఉద్యోగం. ఫిడేలు వాయించడం ఆయనకు వచ్చు. బడి మానిన తమ్ముణ్ణి కూర్చోబెట్టి తనకు తెలిసిన విద్య నేర్పడం మొదలుపెట్టారు. మహారాజు, కళాశాల, బిరుదులు అన్నీ తరువాతి మాట. మొదట ఉన్నది డ్యూటీ నుంచి ఇంటికొచ్చి తమ్ముడి పక్కన కూర్చున్న ఓ అన్న. ఈయన గురించి చరిత్రలో నాలుగు వాక్యాలకు మించి దొరకదు. మాకు మాత్రం ఈ కథలో ముందుగా సలాం చెప్పవలసిన వ్యక్తి ఆయనే అనిపిస్తుంది.

ఇంతకూ ఫిడేలే ఎందుకు కలిసి వచ్చిందో కొంచెం వివరించాలి. ఫిడేలు మన దేశపు వాద్యం కాదు. ఐరోపా నుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో ప్రముఖుడు. ఐరోపాలో నిలబడి, గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనవాళ్లు నేల మీద కూర్చుని, వాద్యం తలను పాదం దగ్గర ఆనించి వాయిస్తారు. వీణకు, గిటారుకు ఉన్నట్లుగా ఫిడేలుకు మెట్లుండవు. నాలుగు తీగలు, వాటి కింద నున్నటి కర్ర, అంతే. ఏ స్వరం ఎక్కడుందో చూపించే గుర్తు ఏదీ ఉండదు. వేలు వెంట్రుకవాసి జరిగితే అపస్వరం పలుకుతుంది. ఆ తేడాను పట్టుకునేది చెవి మాత్రమే. వేలికి, చెవికి మధ్య కుదిరే ఒప్పందమే ఫిడేలు విద్య. అక్కడ కళ్లున్నవాడికి ప్రత్యేకంగా కలిసొచ్చేది లేదు, లేనివాడికి పోయేదీ లేదు.

ఇక నేర్పే పద్ధతి. గురువు పాడతాడు, శిష్యుడు అనుసరిస్తాడు. పుస్తకం లేకపోయినా పాఠం నడుస్తుంది. మన మదర్సాలలో హిఫ్జ్ చదివిన పాఠకులకు ఇది కొత్తగా అనిపించదు. ఉస్తాద్ ఒక ఆయత్ చదివితే విద్యార్థి విని, అదే మఖ్రజ్‌తో, అదే తజ్వీద్‌తో తిరిగి వినిపిస్తాడు. తప్పు పోతే ఉస్తాద్ చెవి పట్టేస్తుంది. అందుకే చూపులేని పిల్లలు మన హిఫ్జ్ తరగతుల్లో ఎన్నడూ పరాయివారు కాలేదు. ఉర్దూ మాట్లాడే కొన్ని ప్రాంతాల్లో చూపులేని పెద్దమనిషిని హాఫిజ్‌జీ అని మర్యాదగా పిలిచే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. లోపాన్ని పట్టి కాక, విద్యను పట్టి పిలిచిన పిలుపు అది.

పద్నాలుగేళ్లు వచ్చేసరికే కుర్రవాడి వాద్యం గురించి విశాఖ ప్రాంతంలో చెప్పుకోసాగారు. అయినా పేరు వేరు, జీవనాధారం వేరు. బాగా వాయించే కుర్రవాణ్ణి మెచ్చుకునేవారు ఏ కాలంలోనైనా దొరుకుతారు. నెలనెలా జీతమిచ్చి గౌరవంగా కూర్చోబెట్టే చోటు దొరకడమే కష్టం. ఆ చోటు విజయనగరంలో తయారైంది. అది ఎలా తయారైందో వింటే ఆశ్చర్యం కలుగుతుంది.

విజయనగర సంస్థానంలో చాగంటి జోగారావు అనే ఉద్యోగి ఉండేవారు. ఆయన కుమారుడికి చూపు లేదు. సంగీతమంటే మాత్రం ప్రాణం. ఆ అబ్బాయికి సంగీతం నేర్పించే ఏర్పాటు చేయమని తండ్రి మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజును కోరుకున్నారు. మహారాజు తలుచుకుంటే ఆ ఇంటికి ఒక సంగీతం మాస్టారిని పంపి ఊరుకోవచ్చు. లేదంటే అబ్బాయి పేరిట నెలకింత భత్యం రాసి ఊరుకోవచ్చు. అప్పటి సంస్థానాల్లో అలాంటి దానాలకు కొదువ లేదు. ఆయన అలా చేయలేదు. 1919 ఫిబ్రవరిలో ఏకంగా ఒక సంగీత పాఠశాలే పెట్టించారు. ఆ ఒక్క అబ్బాయి కోసం తెరిచిన తలుపు ఊళ్లోవారందరికీ తెరుచుకుంది. ఆనాటి విజయరామ గాన పాఠశాలే ఈనాటి మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల. 2019లో దానికి నూరేళ్లు నిండాయి.

పాఠశాలకు తొలి అధ్యక్షులుగా హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు వచ్చారు. ఉర్దూ, ఫార్సీ తెలిసిన మా బోటివారికి దాసుగారి పేరు మరో కారణాన కూడా ప్రీతిపాత్రం. ఆయన ఫార్సీ నేర్చుకుని, ఉమర్ ఖయ్యాం రుబాయీలను మూలం నుంచే అచ్చ తెలుగులోకి తెచ్చారు. ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు అనువాదాన్ని సంస్కృతంలోకి మార్చారు. రెండింటినీ పక్కపక్కనే పెట్టి, ఇంగ్లీషాయన మూలానికి ఎంత దూరం వెళ్లాడో పాఠకులే తేల్చుకునేలా చేశారు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన హరిదాసు ఖయ్యాం కోసం ఫార్సీ నేర్చాడంటే, ఆ మనిషి మనసుకు గోడలు లేవని అర్థం. అలాంటివాడి ముందుకు చూపు సరిగా లేని ఓ యువకుడు ఫిడేలు పట్టుకుని వెళ్లాడు.

నాయుడుగారు అక్కడికి వెళ్లింది విద్యార్థిగా చేరడానికి. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. ప్రవేశం ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి వాయించమన్నారు. వాయించారు. విన్నవారు ఆయన్ను విద్యార్థిగా తీసుకోలేదు. ఫిడేలు ఆచార్యునిగానే నియమించారు. చదువుకోవడానికి వచ్చినవాడు పాఠం చెప్పే ఆసనం మీద కూర్చున్నాడు.

ఈ ఘట్టాన్ని చాలామంది అద్భుతంగా వర్ణిస్తారు. నిజానికి ఇందులో అద్భుతం కన్నా సామాన్య వివేకమే ఎక్కువ. వాద్యం వాయించేవాణ్ణి ఎంచడానికి వాద్యం విన్నారు. దరఖాస్తులో చదువు ఎంత అని అడిగి ఉంటే, బోర్డు మీది అక్షరాలు చదివి చూపించమని ఉంటే, నాయుడుగారు ఆ గుమ్మం దాటేవారు కాదు. ఏ పని కోసం మనిషి కావాలో ఆ పనిలోనే అతణ్ణి పరీక్షించారు. చూపులేని అబ్బాయి కారణంగా పుట్టిన సంస్థలో ఇలా జరగడం యాదృచ్ఛికమని మేము అనుకోము. అక్కడ కళ్ల గురించిన మాట మొదటి రోజునే తేలిపోయింది. కాబట్టి ఆచార్యుని విషయంలో ఆ ప్రశ్న అడ్డు రాలేదు.

ఇక్కడ మన పాఠకులకు హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) తప్పక గుర్తుకు వస్తారు. చూపులేని ఆ సహాబీని దైవప్రవక్త (స) జాలి చూపి ఓ పక్కన కూర్చోబెట్టలేదు. హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు మదీనాలో అజాన్ పలికే బాధ్యత అప్పగించారు. రమజాన్ నెలలో బిలాల్ అజాన్ తెల్లవారక ముందు, ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అజాన్ తెల్లవారుతుండగా వినిపించేవి. మొదటిది విని జనం సహరీ తింటూ ఉండేవారు, రెండోది విని ఆపేసేవారు. అంటే ఊరంతటి ఉపవాస వేళ చూపులేని మనిషి గొంతు మీద ఆధారపడి ఉండేది. తెల్లవారిందని పక్కవారు చెబితే ఆయన అజాన్ ఇచ్చేవారు. ఈ చిన్న ఏర్పాటును గమనించాలి. ఆయనకు చేతకానిది పక్కవారు చేశారు, ఆయనకు చేతనైనది ఆయన చేశారు. మహాప్రవక్త (స) మదీనా విడిచి ప్రయాణమైనప్పుడు పలుమార్లు ఆయన్ను తన ప్రతినిధిగా నియమించి వెళ్లారు. ఆయన కారణంగానే దివ్య ఖుర్ఆన్‌లోని ‘అబస’ సూరా అవతరించిన వృత్తాంతం మన పిల్లలకు కూడా తెలుసు.

తిరిగి విజయనగరం వెళదాం. 1936లో నారాయణదాసు విరమించుకున్న తరువాత నాయుడుగారు కళాశాల ప్రిన్సిపాల్ అయ్యారు. పదిహేడేళ్లు పాఠం చెప్పినవాడికి సంస్థ మొత్తాన్ని అప్పగించారు. ఇది మాకు బిరుదులన్నిటికంటే పెద్దదిగా తోస్తుంది. చూపులేని కళాకారుణ్ణి వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టడం తేలిక. అతని కింద ఇతరులు పనిచేసేలా, అతని మాట మీద సంస్థ నడిచేలా చూడడం అంత తేలిక కాదు. ఘంటసాల ఆ కళాశాలలోనే చదువుకుని తెలుగు ఇళ్లన్నిటికీ గొంతు అయ్యారు. ఆ చదువు రోజుల్లో ఆయన ఇంటింటికీ వెళ్లి మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారని తెలుగువారందరికీ తెలుసు. పి. సుశీల కూడా అక్కడే సంగీతం అభ్యసించారు. చూపులేని ఒక బిడ్డ కోసం వేసిన విత్తనం నీడ ఎంత దూరం పాకిందో చూడండి. రేడియోలో ఆ పాటలు విన్న మన అమ్మీజాన్‌లకు, నానీలకు దాని వెనక ఒక తండ్రి విన్నపం ఉన్నదని తెలియదు.

నాయుడుగారి కళ ప్రత్యేకత గురించి కొంత చెప్పాలి. ఆయన నాటికి కర్ణాటక కచేరీలో ఫిడేలు పక్కవాద్యం. గాయకుడు పాడతాడు, ఫిడేలు వెంట నడుస్తుంది, ఆయన ఆగినప్పుడు ఖాళీ నింపుతుంది. వేదిక మధ్యన కూర్చునే హక్కు దానికి అంతగా ఉండేది కాదు. నాయుడుగారు పెద్ద పెద్ద గాయకుల పక్కన వాయించి మెప్పు పొందారు. ఆపైన ఫిడేలును ముఖ్య వాద్యంగా నిలిపిన తొలితరం వారిలో ఒకరయ్యారు. 1938లో వేలూరులో తొలి సోలో కచేరీ చేశారు. కమాను నడకలో ఆయన మృదుత్వం సంగీతజ్ఞులకు చర్చనీయాంశం అయింది. నాదం గాత్రానికి దగ్గరగా ఉండేదని, తీగ మీద ఒత్తిడి తెలియనీయకుండా స్వరం నుంచి స్వరానికి జారేవారని చెబుతారు. పాశ్చాత్య సంగీతం కూడా శ్రద్ధగా విని, అందులోని కమాను మెళకువలను తన వాద్యానికి తెచ్చుకున్నారు.

పక్కన కూర్చునే వాద్యాన్ని మధ్యకు తెచ్చిన మనిషి, తానూ పక్కకు నెట్టివేయబడవలసినవాడే కావడం మమ్మల్ని ఆలోచింపజేసింది.

1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి గౌరవం ఇచ్చింది. ఆ రోజుల్లో తమిళ విద్వాంసుల కోట వంటి ఆ సభలో ఒక తెలుగు ఫిడేలు విద్వాంసునికి ఆ స్థానం దక్కడం సామాన్యం కాదు. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మన దేశం వచ్చారు. మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ ఇంట నాయుడుగారి వాద్యం విని అబ్బురపడ్డారు. తన ఖండపు వాద్యాన్ని నేల మీద కూర్చుని ఈ మనిషి ఎలా పలికిస్తున్నాడన్నది ఆయన ఆశ్చర్యం. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. చూపులేనివారి సహాయం కోసం కూడా నాయుడుగారు కచేరీలు చేశారు. తానొకనాడు ఏ వరుసలో నిలబడవలసి ఉండేదో ఆ వరుసలోని వారి కోసం వాయించడమది. 1964 నవంబరు 25న కన్నుమూశారు. శతజయంతి నాడు, 1993లో, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. కొడుకు, కూతురు, అన్న బిడ్డలు, శిష్యులు ఆ విద్యను ముందుకు నడిపించారు. ఆంధ్రదేశంలో ద్వారం అన్నది ఇంటి పేరుగా కన్నా ఓ ఫిడేలు బాణీ పేరుగానే ఎక్కువ చెలామణి అయింది.

ఇది హిందువుల సంగీతానికి, రాజుల కాలానికి మాత్రమే చెందిన మాట అని ఎవరైనా అంటే, మన చరిత్రలోనే బోలెడు ఉదాహరణలున్నాయి. మదర్సాలలో ఖిరాఅత్ నేర్చే ప్రతి విద్యార్థికీ ఇమామ్ షాతిబీ పేరు తెలుసు. స్పెయిన్‌లోని షాతిబాలో హిజ్రీ 538లో పుట్టిన ఆయనకు చూపు లేదు. ఏడు ఖిరాఅత్‌ల శాస్త్రమంతటినీ 1173 పద్యాల్లో కట్టారు. ఖాహిరాలో ఖాజీ ఫాజిల్ స్థాపించిన మదర్సాలో ఆయన్ను గురుపీఠం మీద కూర్చోబెట్టారు. హిజ్రీ 590లో అక్కడే మరణించారు. పద్యం కాబట్టి కంఠస్థం చేయవచ్చు, కంఠస్థం కాబట్టి కాగితం అక్కరలేదు. ఎనిమిది వందల ఏళ్లుగా చూపున్న విద్యార్థులు చూపులేని గురువు పద్యాలు వల్లిస్తున్నారు. ఇక 1934లో ఈజిప్టు రేడియో ప్రారంభమైనప్పుడు తొలిగా వినిపించిన ఖుర్ఆన్ పారాయణం షేఖ్ ముహమ్మద్ రిఫ్అత్‌ది. ఆయన పసితనంలోనే చూపు కోల్పోయారు.

కళ అంటే సంగీతమొక్కటే కాదు, చూపు లేమి ఒక్కటే లోపం కాదు. రోడ్డు ప్రమాదం తరువాత కాలు పోగొట్టుకుని, జైపూర్ కృత్రిమ కాలితో తిరిగి నాట్యం చేసిన సుధా చంద్రన్ కథతో 1985లో వచ్చిన ‘మయూరి’ తెలుగు సినిమాయే. వినికిడి లేనివారి చేతిలో ఖత్తాతీ, చిత్రలేఖనం ఎంతగా వికసిస్తాయో చూసినవారికి తెలుసు. అక్షరాన్ని అందంగా రాయడానికి చెవితో పని లేదు. కనుక బుద్ధి ఎదుగుదల తక్కువైన పెద్దవారికి కూడా దఫ్ మీద లయ పట్టడం, మట్టి బొమ్మ చేయడం, నలుగురితో గొంతు కలిపి నాత్ పాడడం అసాధ్యమేమీ కాదు. వీరందరి నుంచీ ఇంకో నాయుడుగారు పుడతారని మేము అనడం లేదు. వెయ్యి మంది కళ్లున్న శిష్యుల్లో కూడా ఒక నాయుడుగారు పుట్టడం అరుదు. వారానికి ఒక సాయంత్రం ఇల్లు కదిలి, పేరు పెట్టి పిలిచే పదిమంది మధ్య కూర్చుని, తన వంతు వచ్చినప్పుడు పాడే మనిషికి ఆ వారమంతా వేరుగా గడుస్తుంది. ఇంట్లో వారికీ వేరుగా గడుస్తుంది.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. 21 రకాల వైకల్యాలను అది గుర్తించింది. దాని 29వ సెక్షన్ పూర్తిగా సంస్కృతి, వినోదం గురించినదే. వికలాంగ కళాకారులకు సౌకర్యం, ఆర్థిక సహాయం, ప్రోత్సాహం అందించడం, కళలు వారికి అందుబాటులో ఉండేలా చూడడం ప్రభుత్వాల బాధ్యత అని చెబుతుంది. ఉద్యోగ రిజర్వేషన్ సెక్షన్ గురించి అడిగేవారు చాలామంది కనిపిస్తారు. ఈ సెక్షన్ ఉన్నదని తెలిసినవారు మాకు తక్కువగా తారసపడ్డారు.

ఐటీ కారిడార్‌లో ఈ విషయమై కొంత మేలు జరిగింది, కొంత మిగిలింది. తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సాయంతో చూపులేని యువతీ యువకులు కంపెనీల్లో పనిచేస్తున్నారు. మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, చూపులేనివారి కోసం నేల మీద గీతల పలకలున్నాయి. ఇవన్నీ మనిషిని పని దగ్గరికి చేర్చే ఏర్పాట్లు. పని అయ్యాక సాయంత్రం సంగతి? సభా మందిరాల్లో చక్రాల కుర్చీ కోసం వాలుదారి ఉన్నా, చాలాచోట్ల అది కుర్చీల వరుసల దాకానే వెళుతుంది. వేదిక మీదికి మాత్రం మెట్లే. వారు కూర్చుని వినడానికి వస్తారని ఊహించారు కానీ, వినిపించడానికి వస్తారని ఊహించలేదు.

మన సభల సంగతి కూడా అడగాలి. రబీవుల్ అవ్వల్ నెలలో ఊరూరా సీరత్ సభలు, నాత్, ఖిరాఅత్ పోటీలు జరుగుతాయి. గచ్చిబౌలి, మణికొండ వైపు కొత్త కాలనీలలోనూ ఇప్పుడు జరుగుతున్నాయి. దరఖాస్తు ఫారాల్లో వయసు అని ఒక గడి ఉంటుంది. పది నుంచి పద్దెనిమిది అని రాసి ఉంటుంది. ముప్పై ఐదేళ్ల హాఫిజ్‌కు, మంచి గొంతున్న నలభై ఏళ్ల అక్కగారికి ఆ ఫారంలో చోటు లేదు. సోదరీమణుల సభల్లో కూడా పాడేది బడి పిల్లలే. మసీదు కమిటీ పెద్దలు ఈసారి ఫారం ముద్రించే ముందు ఆ గడిని ఒకసారి చూడాలని, పెద్దవారి కోసం ఒక విభాగం చేర్చాలని, వారిని ఇంటి నుంచి తీసుకొచ్చి తిరిగి దిగబెట్టే బాధ్యత మహల్లా యువకులు పంచుకోవాలని మా విన్నపం. వేదిక ఎత్తుగా ఉంటే ఆ రోజుకు నేల మీదే తివాచీ పరిచి సభ నడిపినా ఏ లోటూ రాదు. ఎవరిని పిలవాలన్న జాబితా కోసం ఎక్కడా వెతకనక్కరలేదు. మహల్లాలో ఏ ఇంట్లో ఏ గది తలుపు దగ్గరగా వేసి ఉంటుందో మన అందరికీ తెలుసు.